ఎవరికి ఏ గుండు?

1718 మే 15న లండన్‌లో జేమ్స్ పకిల్ అనే నోటరీ తాను కనిపెట్టిన తుపాకీకి పేటెంటు పొందాడు. దానికి ఆయన పెట్టిన పేరు ‘డిఫెన్స్’, అంటే రక్షణ. మూడు కాళ్ల మీద నిలిచే ఒకే గొట్టం, దాని వెనక చేత్తో తిప్పే సిలిండరు, ఆ సిలిండరు అరల్లో ముందే దట్టించిన మందూ గుండూ. పేటెంటు కరపత్రంలో సిలిండర్ల బొమ్మలు విడివిడిగా వేశారు. క్రైస్తవుల మీద పేల్చడానికి గుండ్రటి గుండ్లు. టర్కుల మీద పేల్చడానికి చదరపు గుండ్లు. అంచులున్న గుండు ఒంటిని మరింత ఘోరంగా చీలుస్తుందన్న నమ్మకం ఆ తేడా వెనక ఉంది.

పకిల్ కిరాతకుడేమీ కాదు. అంతకు ఏడేళ్ల ముందు, 1711లో, తండ్రీకొడుకుల సంభాషణగా ‘ది క్లబ్’ అనే నీతి పుస్తకం రాశాడు. ఆయన పోయిన తర్వాత కూడా అది మళ్లీ మళ్లీ అచ్చయింది. కొడుక్కి ఏ మంచీ చెడూ చెప్పాలో ఆలోచించిన మనిషే, శత్రువు దేవుణ్ణి బట్టి గాయం ఎంత లోతుండాలో కూడా ఆలోచించాడు. ఈ రెండూ ఒకే మనసులో ఎలా ఇమిడాయి?

భయం కొంత జవాబు చెబుతుంది. 1683లో ఒట్టొమన్ సేనలు వియన్నాను ముట్టడించిన సంగతి యూరప్ ఇంకా మరచిపోలేదు. ఉత్తరాఫ్రికా తీరం నుంచి వచ్చే సముద్రపు దొంగలు ఓడలు పట్టుకుని నావికులను బానిసలుగా అమ్మేవారు. వాళ్లందరినీ కలిపి ఇంగ్లండులో ‘టర్కులు’ అనేవారు. ఓడ మీదికి ఎగబాకే మూకను తక్కువ మందితో ఆపడం పకిల్ తుపాకీ ఉద్దేశం. ఇందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. ఓడనూ ప్రాణాన్నీ కాపాడుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది. అయితే, దాడిని ఆపడానికి గుండ్రటి గుండు చాలదా? క్రైస్తవ దొంగను ఆపగలిగిన గుండు టర్కు దొంగను ఎందుకు ఆపలేదు?

యంత్రంగా చూస్తే దాని బలం నిజమైనదే. 1722లో జోరువానలో ఒక మనిషి ఏడు నిమిషాల్లో 63 సార్లు పేల్చి చూపాడు. ఆ రోజుల్లో మామూలు సిపాయి తన తుపాకీని నిమిషానికి రెండు మూడుసార్లు పేల్చగలిగితే గొప్ప. కానీ యుద్ధరంగం ప్రదర్శన కాదు. నిప్పు పుట్టించేది ఇంకా చెకుముకిరాయే. ప్రతి గుండుకూ సిలిండరును వెనక ఉన్న పిడితో వదులు చేయాలి, తర్వాతి అరను గొట్టానికి ఎదురుగా తేవాలి, మళ్లీ బిగించాలి. అర మూతి గొట్టంలోకి సరిగ్గా కూర్చోకపోతే మంటా పొగా పక్కకు తన్నుకొస్తాయి. అంత నిక్కచ్చిగా అమరే భాగాలను ఆనాటి కమ్మరులు ఒక్కొక్కటిగా ఆకురాయితో అరగదీసి చేయాల్సి వచ్చేది. వేల సంఖ్యలో తయారు చేయడం ఎవరి తరమూ కాదు. 1717లోనే వూలిచ్‌లో పరీక్షించిన ప్రభుత్వ ఆయుధశాఖ దాన్ని వద్దంది.

చదరపు గుండు సంగతి ఇంకా అన్యాయం. గుండ్రటి గుండు ఎటు తిరిగినా గాలికి ఒకే ముఖం చూపుతుంది. పలకలున్నది దొర్లుతూ, గాలి తాకిడికి దారి తప్పుతూ పోతుంది. అంటే గురి తగ్గుతుంది, దూరమూ తగ్గుతుంది. పకిల్ ఎవరికైతే ఎక్కువ భయపడ్డాడో వారి మీదికే తక్కువ పనికొచ్చే గుండును కేటాయించాడు. కాబట్టి ఆ ఆకారానికి కారణం రక్షణ కాదు, శిక్ష. ఆయుధం ఆపడంతో సరిపెట్టుకోక దండించడానికి పూనుకుంటే అక్కడ యుద్ధనీతి ముగిసి పగ మొదలవుతుంది.

క్రైస్తవ ధర్మశాస్త్రం ఈ విషయంలో ఒక్క గొంతుతో మాట్లాడలేదు. 1139లో రెండో లాటరన్ మహాసభ విలుకాండ్ర, అడ్డవిల్లు వాడేవారి ప్రాణాంతక విద్యను క్రైస్తవుల మీద ప్రయోగించరాదని శాసించింది. తక్కినవారి మీద ప్రయోగించవచ్చా అన్నదానికి ఆ మౌనమే జవాబైంది. పోనీ క్రైస్తవులకైనా అది రక్షణ ఇచ్చిందా అంటే అదీ లేదు. 1199లో ఇంగ్లండు రాజు మొదటి రిచర్డు అడ్డవింటి దెబ్బతోనే పోయాడు. మరోపక్క 1539లో సలమాంకా విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సిస్కో ది విటోరియా అనే డొమినికన్ సన్యాసి, మతభేదం యుద్ధానికి న్యాయమైన కారణం కాదని బోధించాడు. టర్కులతో యుద్ధంలోనైనా పసిపిల్లలను చంపరాదని, వాళ్లు నిరపరాధులని తేల్చిచెప్పాడు. పకిల్ పేటెంటుకు 179 ఏళ్ల ముందే ఈ మాట వినిపించింది. అందుకే ‘కాలం అలాంటిది’ అని ఆయన్ని వదిలేయడం కుదరదు.

మహాభారతంలో ఈ ప్రశ్న తిరగబడి వస్తుంది. ద్రోణపర్వంలో అస్త్రవిద్య ఎరుగని మామూలు సైనికులను ద్రోణుడు బ్రహ్మాస్త్రంతో కాలుస్తుంటే ఋషులు దిగివచ్చి అది అధర్మమని మందలిస్తారు. వారిలో ఆయన తండ్రి భరద్వాజుడూ ఉన్నాడు. ఎదుటివాడు ఎవరి పక్షమని వాళ్లు అడగలేదు. దెబ్బ కాచుకునే దారి అతనికి ఉందా అన్నదే చూశారు. కురుక్షేత్రంలో ఆ నీతి నిలవలేదు, నిజమే. అయినా కొలత మాత్రం సరైనది.

పకిల్ తుపాకులు రెండు ఒక ప్రయాణం కట్టాయి. 1722లో మొదటి జార్జి రాజు సెయింట్ లూషియా, సెయింట్ విన్సెంట్ దీవులను మాంటగూ డ్యూకుకు రాసిచ్చాడు. ఆ డ్యూకు తన దండయాత్ర కోసం ఆ రెండు తుపాకులను కొన్నాడు. అక్కడ టర్కు ఒక్కడూ లేడు. ఎదురైంది మార్టినిక్ నుంచి వచ్చిన ఫ్రెంచి సేన, అంటే క్రైస్తవులే. ఇంగ్లీషువాళ్లు వెనుదిరిగారు. ఆ దీవుల అసలు మనుషులు కరిబ్‌లు, అటు క్రైస్తవులూ కారు, ఇటు టర్కులూ కారు. వాళ్లను ఏ గుండుతో చంపాలో కరపత్రంలో లేదు. ఆ లెక్కలో వాళ్లు మనుషులుగానే పడలేదు.

ఆ లెక్క పకిల్‌తో పోలేదు. 1890లలో బ్రిటిషు ఇండియా వాయవ్య సరిహద్దు తెగల మీద తమ కొత్త తూటాలు దూసుకుపోతున్నాయే తప్ప మనిషిని పడగొట్టడం లేదని బ్రిటిషు అధికారులు ఫిర్యాదు చేశారు. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధశాలలో తూటా మొనమీది లోహపు తొడుగు తీసేసి, ఒంట్లో దిగగానే విచ్చుకునేలా చేశారు. ఆ సరిహద్దులోని తీరా లోయలో 1897–98లో వాటిని వాడారు. 1899 హేగ్ సభలో వాటిని నిషేధించాలన్నప్పుడు బ్రిటిషు ప్రతినిధి సర్ జాన్ ఆర్డా అడ్డుపడ్డాడు. నాగరిక సైనికుడు దెబ్బతింటే వెనక్కి తగ్గుతాడు, అనాగరికుడు తగ్గడు, అతనికి వేరే తూటా కావాలన్నది ఆయన వాదం. టర్కు పోయి అనాగరికుడు వచ్చాడు, అంతే తేడా.

నిషేధం నెగ్గింది, కానీ సంతకం చేసిన దేశాలు తమలో తాము చేసుకునే యుద్ధాలకే అది వర్తించింది. బ్రిటన్ 1907లో గానీ చేరలేదు. తీరా లోయవాసులకు అక్కడ సంతకం చేసే చోటే లేదు. 1998లో అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఒడంబడిక విచ్చుకునే తూటాల వాడకాన్ని దేశాల మధ్య యుద్ధంలో నేరంగా రాసింది. అంతర్యుద్ధంలో తన ప్రజల మీదే వాడినా నేరమేనని ఆ ఒడంబడికకు సవరణ చేర్చింది 2010లో, ఉగాండా రాజధాని కంపాలాలో.