ఆర్డరుకూ ఫలానికీ నడుమ

కర్మ ముగిసిన క్షణానికీ, దాని ఫలం అందే క్షణానికీ మధ్య ఏం నిలిచి ఉంటుంది? చేసినవాడు ఒకడు, చేయించినవాడు ఒకడు అయితే ఆ ఫలం ఎవరికి చెందుతుంది? పూర్వమీమాంసకులు యజ్ఞం గురించి వేసుకున్న ప్రశ్నలివి. కరెన్సీ మార్కెట్లో మనిషి తరఫున కొని అమ్మే పైథాన్ ప్రోగ్రాములకు కూడా ఇవి సరిగ్గా సరిపోతాయి.

ఇలాంటి ప్రోగ్రాములు వాడుకునే అసింక్‌ఐఓ అనే లైబ్రరీ పైథాన్‌లో 2014లో 3.4 వెర్షన్‌తో వచ్చింది. మరుసటి ఏడాది అసింక్, అవెయిట్ అనే మాటలు భాషలోనే చేరాయి. మామూలు ప్రోగ్రాం ఆర్డరు పంపితే జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడిపోతుంది. అసింక్ ప్రోగ్రాం ‘అవెయిట్’ దగ్గర ఆ పనిని పక్కన పెట్టి మరో పని అందుకుంటుంది. వరంగల్ ఎనుమాముల యార్డులో మిర్చి సీజన్లో అడ్తిదారు పని అచ్చం ఇలాగే ఉంటుంది: ఒక రైతు బస్తాలు జెండా పాట కోసం ఆగి ఉంటే మరొకరివి కాంటా పెట్టిస్తాడు, ఇంకొకరికి తక్‌పట్టీ రాయిస్తాడు. మనిషి ఒక్కడే, ఎక్కడా ఊరికే నిలబడడు. ప్రోగ్రాంలో ఆ పని ఈవెంట్ లూప్‌ది. యూరో–డాలర్ ఆర్డరుకు జవాబు రాకముందే అది డాలర్–యెన్ ధర చూసి వస్తుంది.

ఇంకా రాని జవాబు కోసం ప్రోగ్రాం ఒక చోటు కేటాయించి పెట్టుకుంటుంది. దాని పేరు ఫ్యూచర్. జవాబు రాకముందే దాన్ని ఫలం అడిగితే పైథాన్ ఏదో ఒకటి ఊహించి ఇవ్వదు, ఎర్రర్ చూపిస్తుంది. ఫలం లేదు, కానీ ఫలం రావలసి ఉందన్న సంగతి మాత్రం నమోదై ఉంది.

మీమాంసకుల చిక్కు కూడా ఇదే. స్వర్గం కోరి చేసిన యాగం కొద్ది రోజుల్లో ముగిసిపోతుంది. స్వర్గం మరణానంతరం మాట. కారణం నశించిపోయాక కార్యం ఎలా పుడుతుంది? జైమిని సూత్రాలకు భాష్యం రాసిన శబరుడు, ఆయన్ను విస్తరించిన కుమారిల భట్టు చెప్పిన సమాధానం ‘అపూర్వం’: యాగం వల్ల పుట్టి, ఫలం వచ్చేదాకా నిలిచి ఉండే కనిపించని శక్తి. ఫలం కర్మ నుంచే వస్తుందన్న మీమాంసకుల పక్షాన్ని బాదరాయణుడు ఒప్పుకోలేదు. బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయంలో ఆయన జైమిని పేరెత్తి మరీ ఆ మతాన్ని ప్రస్తావించి, ఫలం ఈశ్వరుడి నుంచే వస్తుందని తేల్చాడు. జడమైన కర్మ, ఎప్పుడో మాయమైనది, తనంతట తాను ఏమీ ఇవ్వలేదన్నది వేదాంతుల వాదం.

ఫ్యూచర్‌ను చూడగానే అపూర్వం గుర్తొస్తుంది. అయితే ఈ పోలిక ఎంతో దూరం సాగదు. ఆర్డరు పంపాక ల్యాప్‌టాప్ ఆరిపోయిందనుకుందాం. ప్రోగ్రాంతోపాటు ఫ్యూచర్ కూడా పోతుంది. అవతల బ్రోకరు సర్వర్‌లో ఆర్డరు మాత్రం పదిలంగా ఉంటుంది, ధర తగిలితే అమలవుతుంది కూడా. అందుకే బాగా రాసిన ప్రోగ్రాం మళ్లీ లేవగానే మొదట చేసే పని, తన పేరున ఇంకా నిలిచి ఉన్న ఆర్డర్లేమిటో బ్రోకరును అడగడం. నడిమి కాలంలో నిలిచిన శక్తి కర్తలో లేదు, ఫలం ఇచ్చేవాడి దగ్గర ఉంది. ఈ విషయంలో అసింక్ ట్రేడింగ్ కుమారిలుడి కంటే బాదరాయణుడి పక్షమే. కాకపోతే వేదాంతుల ఈశ్వరుడు జీవుల కర్మను బట్టి ఫలమిస్తాడు. మార్కెట్టుకు ఆ పట్టింపు లేదు.

దానికి 2015 జనవరి 15 సాక్ష్యం. యూరో 1.20 ఫ్రాంకుల కంటే తగ్గకుండా చూస్తామని స్విస్ నేషనల్ బ్యాంకు 2011 సెప్టెంబరులో పెట్టుకున్న హద్దును ఆ రోజు చెప్పాపెట్టకుండా ఎత్తేసింది. నష్టం పెరగకుండా హద్దుకు కాస్త దిగువన స్టాప్‌లాస్ పెట్టుకున్నవాళ్ల ఆర్డర్లు ఆ ధరకు కాక, కొనేవాడు దొరికిన చోట, ఎంతో కిందికి పోయి అమలయ్యాయి. ఖాతాలు సున్నా దాటి అప్పుల్లో పడ్డాయి. బ్రిటన్‌లోని అల్పారి అనే బ్రోకరు సంస్థ దివాలా తీసింది. ప్రోగ్రాముల్లో తప్పు లేదు, చెప్పినది చెప్పినట్టు చేశాయి.

నడిమి కాలంలోని ఈ భయం ఓరుగల్లు పాలకులకు కొత్తది కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244–45 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం సముద్ర వర్తకుల కోసమే. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాగేసుకునేవారు. గణపతిదేవుడు నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోనని మాటిచ్చాడు. ప్రాణం కంటే ధనమే మిన్న అనుకుని సముద్రం మీదికి వెళ్లేవాళ్లపై దయతోనూ, కీర్తి కోసమూ, ధర్మం కోసమూ ఈ అభయమని శాసనమే చెబుతుంది. తుపానును ఏ రాజూ ఆపలేడు. ఓడ బయల్దేరాక, లాభం రాకముందు, సరుకు ఎవరిదన్నది మాత్రం రాజు తేల్చగలడు.

ఇక ఫలం ఎవరిదన్న ప్రశ్న. యజ్ఞంలో చేతులు కదిపేది ఋత్విక్కులు, ఫలం యజమానిది. జైమిని మూడో అధ్యాయం ఏడో పాదంలో దీన్ని తేల్చాడు: కర్మను పూనుకుని, దక్షిణ ఇచ్చి చేయించినవాడే ప్రయోక్త, ఫలం అతనిది. ప్రోగ్రాం ఋత్విక్కు కంటే ఒక మెట్టు కిందే. ఋత్విక్కు కాదనగలడు, ప్రోగ్రాం అనలేదు. కాబట్టి రాత్రి రెండింటికి, మనిషి నిద్రలో ఉండగా జరిగిన కొనుగోలు కూడా ఆ మనిషిదే. సంకల్పం మెలకువలోనే జరిగింది.

ప్రోగ్రాం వాడుకునే కోడ్ లైబ్రరీని రాసిన వ్యక్తికి ఇందులో వాటా ఉందా? ఇంటరాక్టివ్ బ్రోకర్స్ అనే బ్రోకరు సంస్థతో మాట్లాడే ఐబీ ఇన్‌సింక్‌ను ఎవాల్డ్ డి విట్ 2017లో రూపొందించి ఉచితంగా పంచాడు. 2024 తొలి నెలల్లో ఆయన హఠాత్తుగా చనిపోయాడు. పాత ఖాతాల తాళాలు ఎవరి దగ్గరా లేక మిగిలినవాళ్లు దాన్ని ఐబీ అసింక్ పేరుతో కొత్తగా నడుపుతున్నారు. ఆయన రాసిన వాక్యాలు ఇంకా ఆర్డర్లు పంపుతూనే ఉన్నాయి. ఆ లాభనష్టాలు ఆయనకు అంటవు. యజ్ఞపాత్ర చేసిన కుమ్మరికి స్వర్గం రాదు, పాపమూ రాదు.

మీమాంస మరో షరతు పెడుతుంది, అధికారం. అర్హత లేనివాడు చేసిన కర్మ శాస్త్రం దృష్టిలో కర్మే కాదు. ఈ షరతు ఇలాంటి ప్రోగ్రాములు రాసే వరంగల్ కుర్రాళ్లకు నేరుగా తగులుతుంది. విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) కింద భారత్‌లో నివసించే వ్యక్తి విదేశీ వేదికల్లో యూరో–డాలర్ స్పెక్యులేషన్ చేయడానికి వీల్లేదు. అనుమతి లేని వేదికల పేర్లతో రిజర్వు బ్యాంకు 2022 నుంచి అలర్ట్ లిస్టు ప్రకటిస్తోంది. గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీల్లో రూపాయి డెరివేటివ్‌లకు కూడా, అసలు విదేశీ మారక అవసరం ఉండి తీరాలన్న నిబంధన 2024 మే 3 నుంచి గట్టిపడింది. రిటైల్ ఆల్గోలపై 2025 ఫిబ్రవరి 4 నాటి సెబీ సర్క్యులర్ బ్రోకరును ప్రిన్సిపల్‌గా, ఆల్గో అందించే సంస్థను ఏజెంటుగా చూస్తుంది. ప్రతి ఆల్గో ఆర్డరుకూ గుర్తింపు సంఖ్య ఉండాలంటుంది. ఋత్విక్కు పేరు కూడా నమోదు కావాలన్నమాట.

మిగిలింది డెమో ఖాతా. వరంగల్ నిట్ హాస్టల్లో కూర్చుని, ఉత్తుత్తి డబ్బుతో ప్రోగ్రాం నడిపి చూసే విద్యార్థికి ఈ నిబంధనలు అడ్డు రావు. దీన్ని నిష్కామకర్మ అని సరదాగా అనేవారుంటారు, అది కుదరదు. గీత వదలమన్నది ఫలం మీది ఆశను. డెమో ఖాతాలో ఆశ ఉంటుంది, లేనిది ఫలమే.