కథకు విధేయత, రసానికి విధేయత

నవలను చలనచిత్రంగా మలిచినప్పుడు అది మూలానికి ఎంత దగ్గరగా ఉందన్న చర్చ సాహిత్య విమర్శతో ముగుస్తుంది. మూలం రామాయణమైతే మాత్రం, అది పారాయణ గ్రంథం కనుక, మార్పు అపచారమా కాదా అన్న ధర్మసందేహంగా మారుతుంది.

9వ శతాబ్ది ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఈ సందేహాన్ని తీర్చాడు. కథ నడపడమొక్కటే కవి పని కాదనీ, ఆ పని ఇతిహాసమే చేస్తుందనీ, రసానికి, అంటే సహృదయుడు ఆస్వాదించే స్థాయికి పండిన భావానికి, అడ్డొచ్చే ఘట్టాన్ని విడిచి తగినదాన్ని కల్పించవచ్చుననీ అనుమతించాడు. రామాయణాదులు సిద్ధరసాలు, అంటే రసం ముందే స్థిరపడిన కథలు, కనుక ఆ రసానికి విరుద్ధమైన స్వేచ్ఛ వాటిలో కూడదని కట్టడీ చేశాడు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సీమలో ఈ సూత్రానికి నిదర్శనాలు పాతవే. పెనుకొండ నుంచి ఏలిన తిరుమల దేవరాయలకు అంకితమైన వసుచరిత్రలో రామరాజభూషణుడు భారతంలోని చిన్న ఉపాఖ్యానాన్ని ప్రబంధంగా పెంచాడు. హిందూపురం సమీపాన లేపాక్షి ఆలయపు కప్పుమీద 16వ శతాబ్ది చిత్రకారులు కిరాతార్జునీయాన్ని రంగుల్లోకి తెచ్చారు. ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మలాటలోనైతే, వాల్మీకి ఎరగని కేతిగాడు, బంగారక్క వంటి హాస్యపాత్రలు రామకథ మధ్యలోకి వచ్చిపోయే సంప్రదాయాన్ని భక్తులెవరూ తప్పుపట్టలేదు.

లవకుశ (1963) చిత్రానిదీ ఇదే దారి. వాల్మీకి ఉత్తరకాండలో కుశలవులు యాగశాలలో రామాయణం గానం చేస్తారే తప్ప తండ్రి సేనతో పోరాడరు. ఆ పోరును పద్మపురాణం వంటి ఇతర మూలాల సంప్రదాయం నుంచి గ్రహించిన చిత్రం, సీత భూప్రవేశాన్ని విడవలేదు కనుక, ఉత్తరకాండ కరుణరసాన్ని కాపాడుకుంది.

అసలు చిక్కు ముఖం దగ్గర వస్తుంది. కావ్యం రాముడి రూపాన్ని పాఠకుడి ధ్యానానికి విడిచిపెడితే, సినిమా దానికి ఒక నటుడి ముఖాన్నిస్తుంది. దీనికి ఆలంకారికుడు శ్రీశంకుకుడు చెప్పిన చిత్రతురగ న్యాయం సమాధానం: చిత్రంలో గీసిన గుర్రాన్ని చూసి గుర్రమనుకున్నట్టే, నటుణ్ణి చూసి రాముడనుకోవడం యథార్థజ్ఞానమూ కాదు, భ్రమా కాదు, సందేహమూ కాదు, పోలికా కాదు, అది కళకే ప్రత్యేకమైన ప్రతీతి. లవకుశలో రాముడైన ఎన్.టి. రామారావు అంతకు రెండేళ్ల ముందు సీతారామ కల్యాణంలో రావణుడు. రెండు పాత్రలనూ ఆదరించిన ప్రేక్షకుడు రావణుణ్ణి రాముడితో కలపలేదంటే ఆ ప్రతీతి పనిచేసినట్టే.

కాబట్టి అపచారాన్ని మార్పుల లెక్కతో కొలవలేము. చూపు నటుడి వైభవం దగ్గరే ఆగి, పాత్ర రసం దాకా సాగకపోతే, మూలంలోని ప్రతి ఘట్టాన్నీ వదలకుండా తీసిన చిత్రం కూడా మూలానికి దూరమైనట్టే.