చుట్టాలు వెళ్ళిన మర్నాడు

ఇంటికి కొత్తవాళ్ళు వస్తున్నారని కబురందిందంటే ఇల్లాలికి కొత్త కళ్ళు వస్తాయి. ఏడాదిగా ఎదురుగానే ఉన్న గోడమీది నూనెమరక ఆ పూటే కనిపిస్తుంది. పెట్టె అడుగున ఉండే దుప్పటి మంచంమీదికొస్తుంది. మంచంమీద ఉండేవన్నీ మంచంకిందికి పోతాయి. పైఅరలో నిద్రపోతున్న పింగాణీ కప్పులు మేలుకుంటాయి. పెళ్ళిచూపులైతే మరీనూ! పక్కింటివారి కుర్చీలు, ఎదురింటివారి ట్రే, మేడమీదివారి బల్లగుడ్డ అన్నీ మనింట్లోనే పుట్టినట్టు కూర్చుంటాయి. ఇంత హడావిడిలో ఏ పిల్లో అమాయకంగా అనేస్తుంది, "అమ్మా, మనిల్లు రోజూ ఇలాగే ఎందుకుండదూ?" అని. దానికి జవాబు చెప్పగలిగిన తల్లిని నేనింకా చూడలేదు.

వచ్చినవారికోసం ఇల్లు సర్దుకోవడం మర్యాదా, నటనా? ఉన్నదాన్ని శుభ్రంగా చూపించడానికీ, లేనిదాన్ని ఉన్నట్టు చూపించడానికీ మధ్య గీత ఎక్కడుంది? ఇదేదో వంటింటి ప్రశ్న అని తీసిపారెయ్యకండి. దేశాలకు దేశాలే ఈ ప్రశ్న దగ్గర తడబడ్డాయి.

ఆస్ట్రేలియాకి ఉత్తరాన, సముద్రం మధ్య, పాపువా న్యూ గినీ అని ఒక దేశముంది. 1975లో స్వతంత్రం వచ్చింది. కొండలు, అడవులు, ఎనిమిది వందలకు పైగా భాషలు. రాజధాని పోర్ట్ మోర్స్‌బీ నుంచి లే, మౌంట్ హాగన్ వంటి పెద్ద ఊళ్ళకి రోడ్డు దారే లేదు. విమానమైనా ఎక్కాలి, ఓడైనా ఎక్కాలి. అటువంటి ఇంటికి 2018 నవంబరులో పెద్ద చుట్టాలొచ్చారు. ఆసియా పసిఫిక్ ఆర్థిక సహకార కూటమి, అందరూ ముద్దుగా ఎపెక్ అంటారు, దాని శిఖరాగ్ర సమావేశం ఆ ఏడు వాళ్ళ వంతు. 1989లో పుట్టిన ఈ కూటమిలో అమెరికా, చైనా, జపాన్, రష్యాలతో సహా 21 సభ్యులున్నారు. మనదేశం అందులో లేదు. ఏటా ఒకరింట్లో కలుసుకుంటారు. మన ఆడవాళ్ళం నెలకొకరింట్లో చీట్లపాట పెట్టుకున్నట్టన్నమాట. తేడా అల్లా, ఇక్కడ చీటీ ఎవరికి తగులుతుందో ఎవరికీ తెలియదు.

ఇక చూడండి హడావిడి! అంతమంది అతిథులకి సరిపడా హోటలు గదులు ఊళ్ళో లేవు. పెద్ద పెద్ద విహార నౌకల్ని తెచ్చి రేవులో కట్టి, వాటిలో విడిది ఏర్పాటు చేశారు. నౌకలు పక్కింటి కుర్చీలన్నమాట. చైనావారు వెడల్పాటి రోడ్డు వేసిపెట్టారు. ఆస్ట్రేలియావారు కాపలాకి సాయమొచ్చారు. ఒక చమురు కంపెనీ సముద్రతీరాన సమావేశ మందిరం కట్టించింది. ఆ ఖర్చు కట్టవలసిన పన్నులో సర్దుకునేటట్టు ఒప్పందం. ఇంతవరకూ ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు. అప్పుడొచ్చాయి కార్లు. ఇటలీ నుంచి ప్రత్యేక విమానాల్లో, 40 మజెరాటీ కార్లు! వాటికి తోడు మూడు బెంట్లీలు. ఒక్కొక్క మజెరాటీ ఖరీదు లక్ష డాలర్ల పైమాటే.

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అని మన పెద్దవాళ్ళు ఏనాడో అన్నారు. అక్కడి ఈగల మోత ఏమిటంటే, 2000లో పోలియో లేని దేశమని పేరు తెచ్చుకున్న ఆ ఇంట్లోకి సరిగ్గా 2018లోనే పోలియో తిరిగొచ్చింది. ఒకవైపు పసిపిల్లల కాళ్ళు చచ్చుబడుతుంటే మరోవైపు విమానంలోంచి కార్లు దిగుతున్నాయి. ఏ తల్లికి కడుపు మండదు? ప్రతిపక్షంవారు సమ్మెకి పిలుపిచ్చారు. "కార్లు ప్రభుత్వానికి భారం కావు, సమావేశం కాగానే వేడివేడి పకోడీల్లా అమ్ముడుపోతాయి" అనే ధోరణిలో ధైర్యం చెప్పారు సంబంధిత మంత్రిగారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. నవ్వడం తేలిక. కాని నవ్వేముందు అవతలివారి పక్షం కూడా వినాలి కదా!

ధనవంతుల దేశంలో ఇదే సమావేశం జరిగి, ఇవే కార్లు తిరిగితే ఎవరైనా లెక్కపెట్టేవారా? ఉన్నవాళ్ళు వెండిపళ్ళెంలో పెడితే వైభవం, లేనివాళ్ళు పెడితే డాబు. ఇదెక్కడి న్యాయం? పేదింటి ఇల్లాలికి మాత్రం వచ్చినవారి ఎదుట తలెత్తుకోవాలని ఉండదూ? ఊరందరి పెళ్ళిళ్ళకీ వెళ్ళి భోంచేసి వచ్చినవాళ్ళు, తమ వంతు వచ్చినప్పుడు "మా ఇల్లు చిన్నదండీ, మీరు రావద్దు" అంటే బాగుంటుందా? పైగా, పెద్దవాళ్ళు గడప తొక్కితే నాలుగు పనులవుతాయన్న ఆశ ఒకటి. అది ఉత్తి ఆశ కూడా కాదు. ఆ దేశంలో అప్పటికి నూటికి 13 మందికే కరెంటుండేది. 2030 నాటికి నూటికి 70 మందికి అందించేందుకు సాయపడతామని ఆ సమావేశాల రోజుల్లోనే ఆస్ట్రేలియా, జపాన్, న్యూజిలాండ్, అమెరికా సంతకాలు చేశాయి. మాట పూర్తిగా నిలబడితే, ఒక పల్లెటూరి అమ్మ దీపం వెలుగులో పొయ్యి ముట్టించుకుంటుంది. దాన్ని కాదనడానికి మనమెవరం?

కాబట్టి పేదవాడు అతిథిని పిలవడం తప్పు కాదు. అతిథికోసం కాస్త శక్తికి మించి చెయ్యడం కూడా తప్పనలేను. మన ఇళ్ళల్లో చెయ్యనివారెవరు? మరి తప్పెక్కడ మొదలవుతుంది?

నాకు తోచింది చెబుతాను. గీత ఖర్చులో లేదు. చుట్టాలు వెళ్ళిన మర్నాటిలో ఉంది.

చుట్టాలకోసం గోడకి వేయించిన సున్నం వాళ్ళు వెళ్ళాక కూడా మన గోడనే అంటిపెట్టుకుని ఉంటుంది. అద్దెకి తెచ్చిన తివాచీ తెల్లారేసరికి వెళ్ళిపోతుంది, అద్దె మాత్రం మిగులుతుంది. పోర్ట్ మోర్స్‌బీలో రోడ్డు మిగిలింది, మందిరం మిగిలింది. కార్లూ మిగిలాయి! పకోడీల్లా అమ్ముడుపోలేదు. మూడేళ్ళు గడిచాక, 2021లో, ధర తగ్గించి మళ్ళీ అమ్మకానికి పెట్టారు. ఆ కార్లకి దేశంలో డీలరు కూడా లేడన్న సంగతి ముందే ఆలోచించుకుని ఉంటే కొని ఉండేవాళ్ళం కామని ఆర్థికమంత్రిగారే ఒప్పుకున్నారు.

ఇంతకంటె పెద్ద మర్నాడు ఇంకొకటుంది. సమావేశం నవంబరు 18న ముగిసింది. అమెరికాకీ చైనాకీ మాట కుదరక, ఉమ్మడి ప్రకటన లేకుండానే చుట్టాలు లేచిపోయారు. ఎపెక్ నాయకులు 1993 నుంచీ కలుసుకుంటున్నారు, అలా జరగడం అదే మొదటిసారి. 20వ తేదీన, అంటే చుట్టాలు వెళ్ళిన రెండో రోజునే, పోలీసులు, సైనికులు, జైలు ఉద్యోగులు పార్లమెంటు భవనంలోకి చొరబడి అద్దాలు పగలగొట్టారు. ఎందుకని? సమావేశానికి రాత్రింబవళ్ళు కాపలా కాసినందుకు ఇస్తామన్న భత్యం ఇంకా చేతికి రాలేదని. వాళ్ళు చేసింది సబబని నేననను. కాని పెళ్ళివారికి పట్టు తలగడలు వేసి, అంట్లు తోమిన మనిషిని "రేపు రా" అన్న ఇల్లు ఎంత అందంగా ఉన్నా అందంగా ఉందంటామా?

మర్నాటి పరీక్ష పెద్దింటివారికీ తప్పదు. 2014లో ఇదే సమావేశం చైనా రాజధాని బీజింగులో జరిగింది. చుట్టుపక్కల ఫాక్టరీలు మూయించారు, సరి బేసి నెంబర్ల లెక్కన కార్లు ఆపేశారు, ప్రభుత్వోద్యోగులకి సెలవులిచ్చారు. పొగమంచులో మగ్గే నగరానికి ఒక్కసారిగా ఆకాశం కనిపించింది. జనం దానికి 'ఎపెక్ నీలం' అని పేరు పెట్టుకున్నారు. ముచ్చటగా ఉండి మూణ్ణాళ్ళకి మాయమయ్యేదానికల్లా ఆ మాట వాడుకున్నారు. చుట్టాలు వెళ్ళారు, పొగ తిరిగొచ్చింది. కాని అక్కడొక చిత్రం జరిగింది. ఆకాశాన్ని నీలంగా ఉంచడం చేతనవునని అందరికీ తెలిసిపోయింది. ఒకసారి కళ్ళారా చూశాక "చేతకాదు" అనడం ఎవరికైనా కష్టమే. ఇందాకటి పిల్ల ప్రశ్నను ఒక నగరం నగరమంతా అడిగిందన్నమాట, "రోజూ ఇలాగే ఎందుకుండదూ?" అని. తరువాతి ఏళ్ళలో బీజింగు గాలి నిజంగానే మెరుగుపడింది. అది ఆ ఒక్క ప్రశ్నవల్లే అనను. కాని చుట్టాలకి చూపించిన మంచి, ఇంటివాళ్ళకి హక్కుగా కనిపించడం మొదలైతే ఆ సర్దుడు వృథా పోదు.

అన్నిటికంటె నన్ను బాధించే సర్దుడు మరొకటుంది. అది వస్తువుల్ని సర్దడం కాదు, మనుషుల్ని సర్దడం. పెళ్ళిచూపులవేళ మంచానపడ్డ నాయనమ్మని వెనకగదిలోకి మార్చి తలుపు దగ్గరగా వేసే ఇళ్ళు లేవూ? మన హైదరాబాదే తీసుకోండి. 2017 నవంబరు 28 నుంచి మూడు రోజులు అక్కడ ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. ఎపెక్‌తో దానికి సంబంధం లేదు, అమెరికాతో కలిసి మనమే ఆతిథ్యమిచ్చిన సదస్సు. 'మహిళలే ముందు, అందరికీ సౌభాగ్యం' అన్న అర్థం వచ్చే నినాదం పెట్టుకున్నారు. వినడానికి మనకెంత బాగుంది! ఆ నెల మొదట్లోనే నగరంలో బిచ్చమెత్తడాన్ని రెండు నెలలపాటు నిషేధిస్తూ పోలీసు ఉత్తరువు వచ్చింది. కూడళ్ళలో ఉండేవాళ్ళని ఎక్కించుకుని జైళ్ళశాఖవారు నడిపే ఆశ్రమాలకి తరలించారు. అక్కడ అన్నమూ నీడా దొరికాయంటే సంతోషమే. కాని ఆ అన్నం వాళ్ళకి ఆకలేసినప్పుడు గుర్తుకు రాలేదు, మనకి చుట్టాలొచ్చినప్పుడు గుర్తొచ్చింది. నాయనమ్మకి వెనకగదిలో ఫాను పెట్టించినా, ఆమెకి తెలియదూ తననెందుకు అక్కడ పడుకోబెట్టారో!

దీనికి పూర్తిగా ఎదురు కథ చిలీ దేశానిది. 2019లో ఎపెక్ వంతు వాళ్ళది. నవంబరులో సమావేశం. అక్టోబరులో రాజధాని శాంటియాగోలో మెట్రో రైలు టికెట్టు ధర 30 పీసోలు పెంచారు. అది చిన్న మొత్తమే, కాని అప్పటికే నిండి ఉన్న కుండ మీద పడ్డ ఆఖరి చుక్క. "ఇది 30 పీసోల సంగతి కాదు, 30 ఏళ్ళ సంగతి" అని జనం వీధుల్లోకొచ్చారు. ఎమర్జెన్సీ, సైన్యం, ప్రాణనష్టం. చివరికి అధ్యక్షుడు పిన్యేరా అక్టోబరు 30న, రెండు వారాల్లో రావలసిన చుట్టాలకి "రావద్దు" అని కబురు చేశారు. అది నామోషీ అన్నవాళ్ళున్నారు. అంతవరకూ తెచ్చుకున్నందుకు ఆయన్ని తప్పుపట్టినవాళ్ళూ ఉన్నారు. అయినా, ఇంట్లో ఏడుపులు వినిపిస్తుండగా గుమ్మానికి తోరణం కట్టడంకంటె "ఇవాళ మా ఇంట్లో బాగాలేదండీ" అనడమే మర్యాద అనిపిస్తుంది నాకు. ఇంటివాళ్ళ కష్టం కనపడకుండా చెయ్యడానికి తలుపులు వేసుకోవడం ఒకటి, ఆ కష్టం చూసుకోవడానికి తలుపు వేసుకోవడం ఒకటి.

పోర్ట్ మోర్స్‌బీ సమావేశ మందిరం గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. దాని ఆకారానికి మూలం లకటోయి అనే పాతకాలపు పెద్ద పడవ తెరచాప. ఆ తీరంలో మోటు అనే జాతివారున్నారు. వారి నేలలో పంట తక్కువ. ఆడవాళ్ళు మట్టికుండలు చేసేవారు. ఆగ్నేయపు గాలి వీచే కాలంలో మగవాళ్ళు ఆ కుండల్ని లకటోయిల్లో నింపుకుని పడమటి తీరానికి వెళ్ళేవారు. అక్కడివారికి కుండలు లేవు, చెట్టు బోదెలోంచి తీసే సగ్గుపిండి మాత్రం పుష్కలం. కుండలిచ్చి పిండి పుచ్చుకుని, నెలల తరబడి వాళ్ళకి అతిథులుగా ఉండి, గాలి తిరిగాక ఇంటికొచ్చేవారు. హిరి అంటారు ఈ ప్రయాణాన్ని. ఆర్థిక సహకారమంటే అంతకంటె ఏముంటుంది చెప్పండి? ఉమ్మడి ప్రకటన ఎవరూ చదవలేదు. ప్రయాణం ఫలించిందా లేదా అన్నది, పడవలు తిరిగొచ్చిన మర్నాడు కుండలు చేసిన ఆడవాళ్ళ పొయ్యిమీద తెలిసిపోయేది.

మందిరానికి ఆ తెరచాప ఆకారం తెచ్చుకున్నారు. దాని లెక్క కూడా తెచ్చుకుని ఉంటే ఎంత బాగుండేది! దేశమైనా, ఇల్లైనా, పెద్ద చుట్టాలని ఎంత ఘనంగా పిలిచినా నాకు అభ్యంతరం లేదు. వాళ్ళు వెళ్ళిన మర్నాడు ఇంట్లో అందరికంటె చివర భోంచేసే మనిషి విస్తట్లో ఏం మిగిలిందో మాత్రం చూసి చెప్పండి. ఆ మర్యాద ఎంత గొప్పదో అప్పుడు ఒప్పుకుంటాను.