సహజం అనే సాక్ష్యం

"పిల్లల్ని సాకడం ఆడవాళ్ళకి సహజం" అన్న మాట దగ్గర మన వాదనలు చాలాసార్లు ఆగిపోతాయి. ప్రకృతే తీర్పు చెప్పాక ఇక ప్రశ్నేముంది? సరే, ఆ ప్రకృతినే అడిగి చూద్దాం.

మలేషియా అడవుల్లో దయాక్ అనే పండ్ల గబ్బిలం ఉంది. అక్కడ పట్టుకున్న మగ గబ్బిలాల రొమ్ముల్లో పాలున్నాయని 1994లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. హవాయిలోని ఒవాహు దీవిలో లేసాన్ ఆల్బట్రాస్ అనే సముద్రపక్షి గూడు కడుతుంది. ఒకరు గుడ్డు పొదుగుతుంటే ఇంకొకరు సముద్రం మీదికి మేతకు వెళ్ళాలి. ఒంటరిగా పిల్లను పెంచడం కుదరదు. అక్కడ మగపక్షులు తక్కువ. 2008లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఆ జంటల్లో 31 శాతం రెండూ ఆడపక్షులే.

మన పక్షాన ఇద్దరు సాక్షులు దొరికారని సంబరపడాలనిపిస్తుంది. కానీ ఆ మగ గబ్బిలాలు పిల్లలకు పాలివ్వడం ఎవరూ చూడలేదు. ఆడజంటలు పెంచగలిగిన పిల్లలూ ఆడ, మగ జంటలు పెంచినవాటికన్నా తక్కువే. ఈ సాక్షులే రేపు అవతలి పక్షానికి వెళ్ళిపోవచ్చు.

అసలు తండ్రి బిడ్డను ఎత్తుకోవడానికి గబ్బిలం అనుమతి దేనికి? ఇద్దరు స్త్రీలు కలిసి బతకడానికి పక్షి పూచీకత్తు దేనికి? న్యాయం మనుషులుగా మనం తేల్చుకోవాల్సిన విషయం. అందుకే "సహజం" అన్న మాట వినపడ్డప్పుడల్లా ఒకటి అడుగుదాం: ఆ మాట వల్ల రాత్రిపూట ఎవరికి నిద్ర దక్కుతోంది, ఎవరికి కరువవుతోంది?