ఈ ఏడాది ఎన్ని పుస్తకాలు?

కొత్త సంవత్సరం వస్తోందంటే మనలో చాలామంది ఏదో ఒక సంకల్పం చేసుకుంటారు. కొందరు సిగరెట్టు మానేస్తామంటారు. కొందరు ఫజ్ర్ నమాజు తర్వాత మళ్లీ పడుకోమంటారు. చదువు మీద మోజున్నవాళ్లు ఈ ఏడాది ఇన్ని పుస్తకాలు చదివి తీరుతామంటారు. మేము ఈ మూడో కోవకు చెందినవాళ్లం.

విజయవాడలో 1989లో మొదలైన పుస్తక మహోత్సవం ఆనవాయితీగా జనవరి మొదటి రోజుల్లో జరుగుతుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు నుంచి వెళ్లేవాళ్లు పొద్దున్నే రైలెక్కి, సాయంత్రానికి రెండు చేతులా సంచులతో తిరిగొస్తారు. రెండేళ్ల క్రితం మేమూ అలాగే వచ్చాం. రైలు ఏలూరు చేరేలోగా ఒక కాగితం మీద లెక్క వేశాం. నెలకు రెండు చొప్పున ఏడాదికి 24 పుస్తకాలు. సీరత్ గ్రంథాలు కొన్ని, చరిత్ర కొంత, నవలలు కొన్ని. ఆ కాగితాన్ని అలమర తలుపుకు అంటించాం. ఇంటికొచ్చినవాళ్ల కళ్లు దాని మీద పడేటట్టే అంటించామన్న సంగతి ఇప్పుడు ఒప్పుకోక తప్పదు.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. వీధిలో అందరికీ ఆమె ఖాలాయే. డెబ్బై దాటిన వయసు. చిన్ననాడు నేర్చుకున్న అరబీ పఠనం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఏటా రమజాన్ నెలలో రెండుసార్లు ఖురాన్ పూర్తి చేస్తారు. ఉర్దూ అంతంతమాత్రం, తెలుగు అక్షరాలు అసలే రావు. అంటే ఆమె పెదాల మీద ప్రతిరోజూ నడిచే వాక్యాల అర్థం ఆమెకు తెలియదు. ఇది ఆమె ఒక్కరి సంగతి కాదు. మన జిల్లాల్లోని ముస్లిం ఇళ్లలో ఇలాంటి తల్లులు, నానీలు ఎంతమందో ఉన్నారు. అర్థం తెలియకుండా భక్తిశ్రద్ధలతో చేసే పారాయణానికి పుణ్యం లేదని మేము అనడం లేదు. కానీ ఆ లోటు ఆమెనే బాధించింది. ఒక రోజు మమ్మల్ని పిలిచి అడిగారు.

"బాబూ, అరవై ఏళ్లుగా చదువుతున్నాను. అల్లాహ్ నాతో ఏమంటున్నాడో రోజూ కాస్త తెలుగులో చదివి వినిపిస్తావా?"

"తప్పకుండా ఖాలా, ఈ నెల పుస్తకాలు రెండూ అయిపోనివ్వండి" అన్నాం.

మరుసటి నెల మళ్లీ అడిగారు. మళ్లీ అదే జవాబు చెప్పాం. మూడోసారి ఆమె అడగలేదు. ఎదురింట్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయిని పిలిచి, మగ్రిబ్ తర్వాత అరగంట కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ పిల్ల పెద్ద పెద్ద సంస్కృత పదాల దగ్గర తడబడేది. అప్పుడప్పుడు పరుగెత్తుకొచ్చి మమ్మల్ని అర్థం అడిగి వెళ్లేది. (ఆ మాటకొస్తే మన అనువాదాల భాష కాస్త తేలికపడితే బాగుండునని మాకూ అనిపిస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లకు అందని తెలుగు ఖాలాకు ఎలా అందుతుంది?)

ఏడాది ముగిసింది. మేము 24కు గాను 19 పుస్తకాలు పూర్తి చేశాం. అందులో పదకొండింటిలో ఏముందో ఎవరైనా అడిగితే రెండు వాక్యాలకు మించి చెప్పలేకపోయాం. పేజీలు తిరిగాయి, అంతే. ఖాలా, ఆ అమ్మాయి మాత్రం యూసుఫ్ సూరా వరకు వచ్చారు. అందులో యూసుఫ్ సూరాను మూడుసార్లు చదివారట. కొడుకును పోగొట్టుకున్న యాఖూబ్ (అలైహిస్సలాం) గాథ విని, మళ్లీ చదవమని ఖాలాయే అడిగారట.

మరి మా సంకల్పంలో తప్పెక్కడుంది? చదవడం పాపం కాదు కదా. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)కు హిరా గుహలో అందిన మొట్టమొదటి ఆజ్ఞే 'చదువు' అని మనమంతా ఉపన్యాసాల్లో గర్వంగా చెప్పుకుంటాం. పోనీ, లెక్క పెట్టుకోవడం తప్పా? కొందరు అలాగే అంటారు. చదువుకు అంకెలేమిటి, మనసుకు నచ్చినంత చదువుకోవాలి అంటారు. మేము దీన్ని అంగీకరించలేం. మనసుకు నచ్చినంత అని వదిలేస్తే చాలామంది చేతుల్లోకి పుస్తకమే రాదు. పైగా ఖురాన్ పారాయణానికి మన పెద్దలు ఏర్పరచినవన్నీ లెక్కలే. 30 భాగాలు నెల రోజులకు సరిపోతాయి. 7 మంజిల్‌లు వారానికి సరిపోతాయి. కనుక లెక్క ఉండటం తప్పు కాదు. ఆ లెక్క ఎవరి హక్కును తిని పెరుగుతోందన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) గాథలో ఉంది. ఆయన యువకుడు. పగలంతా ఉపవాసం, రాత్రంతా ప్రార్థన. ఒక్క రాత్రిలో ఖురాన్ అంతా పూర్తి చేసేవారు. ఇంట్లో కొత్తగా వచ్చిన భార్య ఉంది. కోడలిని యోగక్షేమాలు అడిగిన తండ్రికి విషయం అర్థమైంది. సంగతి దైవప్రవక్త (స) వరకు వెళ్లింది. ఆయన ఆ యువకుణ్ణి పిలిపించి, శరీరానికి, కళ్లకు, భార్యకు, ఇంటికొచ్చే అతిథికి కూడా అతనిపై హక్కులున్నాయని గుర్తు చేశారు. ఖురాన్‌ను నెలకొకసారి పూర్తి చెయ్యమన్నారు. నాకు ఇంకా శక్తి ఉందన్నారు అబ్దుల్లాహ్ (రజి). వ్యవధి తగ్గుతూ తగ్గుతూ చివరికి ఏడు రోజుల దగ్గర ఆగింది. మూడు రోజులకంటే తక్కువలో పూర్తి చేసేవారికి అర్థం అందదన్న బోధ కూడా ఈ సందర్భంలోనే మనకు కనిపిస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. లక్ష్యం పెట్టుకోవద్దని ఆ యువకునికి ఎవరూ చెప్పలేదు. లక్ష్యాన్ని తగ్గించుకోమన్నారు. ఇంకా ఇంకా అని బేరమాడింది అతనే. ఈ గాథలో మమ్మల్ని ఎక్కువగా కదిలించేది దీని చివరి భాగం. ముసలితనంలో బలం తగ్గిన తర్వాత, ఆనాడు ఇచ్చిన వెసులుబాటును స్వీకరించి ఉంటే ఎంత బాగుండేదో అని ఆయన అనుకునేవారు. అయినా దైవప్రవక్త (స) జీవించి ఉండగా పాటించిన దాన్ని ఆ తర్వాత వదిలిపెట్టడానికి ఆయన మనసొప్పలేదు. రాత్రి నమాజులో చదవవలసిన భాగాన్ని, భారం తగ్గించుకోవడానికి, పగలే ఇంట్లోవాళ్లకు చదివి వినిపించేవారు. యౌవనంలో బేరమాడి తెచ్చుకున్న లెక్కను వార్ధక్యంలో మోయవలసి వచ్చింది. అలమరకు అంటించిన మా కాగితానికి ఆ గౌరవం లేదనుకోండి. అది జూన్ వానలకే ఊడి కింద పడింది.

నెమ్మదిగా చదవడం అనగానే మాకు మా ఏలూరు తివాచీలు గుర్తొస్తాయి. పారసీక దేశం నుంచి వచ్చినవారు నేర్పారని చెప్పుకునే ఈ పని ఇప్పుడు కొద్దిమంది చేతుల్లోనే మిగిలింది. ఉన్ని పోగును ముడి తర్వాత ముడి వేసుకుంటూ పోవాలి. ఒక వరుస పూర్తి కానిదే పై వరుస మొదలు కాదు. తొందరపడి ముడి వదిలేస్తే అది కింద కప్పబడిపోదు, పువ్వు మధ్యలో కనపడుతుంది. సహాబీల చదువు ఇలాగే ఉండేది. పది ఆయతులు నేర్చుకుని, వాటి అర్థాన్ని, ఆచరణను ఒంటబట్టించుకున్న తర్వాతే వారు మరో పది ఆయతుల వైపు వెళ్లేవారని తాబయీలు తెలియజేశారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఒక్క బఖరా సూరాను నేర్చుకోవడానికి ఎనిమిదేళ్లు వెచ్చించారని ఇమామ్ మాలిక్ గారి ముఅత్తాలో ఉంది. మా పద్ధతిలో అయితే ఎనిమిదేళ్లకు 192 పుస్తకాలు!

అయితే ఈ మాటను పట్టుకుని బద్ధకస్తులు సంతోషపడనక్కరలేదు. నెమ్మది ఎప్పుడూ గొప్పది కాదు. మదీనాలో యూదులతో ఉత్తరప్రత్యుత్తరాలు జరపవలసిన అవసరం వచ్చింది. వారి లిపి నేర్చుకోమని దైవప్రవక్త (స) హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ని ఆదేశించారు. ఆయన అరనెలలో నేర్చుకున్నారు. అక్కడ ఎనిమిదేళ్లు, ఇక్కడ పదిహేను రోజులు. తేడా ఎక్కడుంది? ఒకటి జీవితాంతం మనిషిని మలచవలసిన చదువు. రెండోది రేపటి ఉత్తరానికి కావలసిన చదువు.

అవసరం నుంచి పుట్టిన లక్ష్యం ఎలా ఉంటుందో మేము కొల్లేరు పక్కన చూశాం. కైకలూరు వైపు చేపల చెరువు దగ్గర కాపలా ఉండే ఒక సోదరుడు. బడి మొహం చూసింది రెండేళ్లే. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట అభయారణ్యం పరిధిలోని చెరువుల గట్లు తెగ్గొట్టారు. తన తండ్రి వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో అప్పుడుగానీ ఆ ఇంట్లోవాళ్లకు తెలియలేదట. ఆ చేదు అతనిలో ఇంకా ఉంది. అతను పెట్టుకున్న లక్ష్యం ఒక్కటే: "చదవకుండా ఇక ఏ కాగితం మీదా వేలు పెట్టను." రాత్రిపూట గట్టు మీద బల్బు వెలుతురులో, పాత దినపత్రిక పరచుకుని, కూడబలుక్కుంటూ చదువుతాడు. ఖురాన్‌లోకెల్లా అతి పొడవైన ఆయతు ఏ విషయం గురించో తెలుసా అని అడిగితే తెలియదన్నాడు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు గడువుతో సహా రాసుకోవడం గురించి, సాక్షుల గురించి అని చెప్పాం. కాసేపు మాట్లాడలేదు. "అయితే నేను చేస్తున్నది కూడా దీన్ పనేనా అన్నా?" అన్నాడు. ధార్మిక గ్రంథాలు తప్ప మిగతావి చదవడం కాలయాపన అని వాదించే మిత్రులు ఈ ప్రశ్నకు ఏం జవాబు చెబుతారో మాకు తెలియదు. మేము మాత్రం అవునన్నాం.

ఇక సంకల్పం తప్పినవారి సంగతి. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రవాడు స్నేహితుల మధ్య ఉత్సాహంగా, "వల్లాహి, ఈ ఏడాది రోజుకు 50 పేజీలు చదువుతాను" అనేశాడు. ఇరవయ్యో రోజుకు పరీక్షలు వచ్చాయి, మాట తప్పింది. కంగారుపడి మూడు రోజులు ఉపవాసం ఉండేందుకు సిద్ధపడ్డాడు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మనసులో చేసుకున్న ఉత్త సంకల్పం తప్పితే పరిహారం ఏదీ లేదు, మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. అల్లాహ్ పేరుతో ప్రమాణం చేసి తప్పితే కఫ్ఫారా ఉంది: పదిమంది పేదలకు అన్నం పెట్టాలి, లేదా బట్టలివ్వాలి. ఆ స్థోమత లేనివారికే మూడు ఉపవాసాలు. ఈ కుర్రవాడికి స్థోమత ఉంది. గూడెం ఉల్లిపాయల మార్కెట్ దగ్గర పదిమంది పేదలకు భోజనం పెట్టించాడు. "50 పేజీలు చాలా ఖరీదయ్యాయండీ" అని నవ్వాడు. అసలు అంత చిన్న విషయానికి అల్లాహ్ పేరెత్తవలసిన పనేముంది అని మేము అడిగాం. స్నేహితులు నమ్మాలి కదా అన్నాడు. మా అలమర తలుపు మాకు గుర్తొచ్చింది. మేము ఇంకేమీ అనలేదు.

చదవాలనుకునేవారికి ఒక చిన్న లెక్క చెబుతాం. హిజ్రీ సంవత్సరానికి 354 లేక 355 రోజులు. మదీనా ముద్రణ ఖురాన్‌లో 604 పేజీలున్నాయి. ముహర్రం నెల నుంచి రోజుకు రెండు పేజీలు, వాటి తెలుగు అర్థంతో సహా చదివితే 302 రోజుల్లో పూర్తవుతుంది. ఇంకా 52 రోజులు మిగులుతాయి. జ్వరాలకు, చుట్టాలకు, పెళ్లిళ్లకు, వరదలకు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేరు ఉప్పొంగినప్పుడు లంక గ్రామాలవాళ్లకు ఏ సంకల్పం నిలబడి ఉంటుంది? ఆ రోజుల్లో ఎవరైనా పుస్తకం మూసి పక్క ఊరికి అన్నం పొట్లాలు మోసుకెళ్లి ఉంటే, వారి లెక్క వెనకబడిందని మేము అనుకోం.

మిగతా పుస్తకాలు కొనలేమని బాధపడనక్కరలేదు. మన ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సుంకంగా మనం కడుతూనే ఉన్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం వచ్చిన ఏర్పాటు ఇది. డబ్బు కట్టి, ఏలూరు జిల్లా కేంద్ర గ్రంథాలయం మెట్లెక్కనివాళ్లలో నిన్నమొన్నటి వరకు మేమూ ఉన్నాం. కొని చదవని అయిదు పుస్తకాలు మా ఇంట్లో దుమ్ము పట్టి ఉండగా మళ్లీ సంచి పట్టుకుని విజయవాడ రైలెక్కడం ఇస్రాఫ్ అవుతుందా కాదా అని ఈసారి గట్టిగా ఆలోచించాం. ఆ అయిదింటిలో రెండు ఎదురింటి అమ్మాయికి ఇచ్చేశాం. మూడు మిగిలాయి. ఈ ఏడాదికి మా లెక్క ఆ మూడే.

మొన్న ఖాలా ఇంటికి వెళ్లాం. ఆ అమ్మాయికి పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. మగ్రిబ్ తర్వాతి అరగంటను ఇప్పుడు మేము తీసుకున్నాం. ఖాలా ఒళ్లో పలక ఉంది. యూసుఫ్ సూరా తానే స్వయంగా చదువుకోవాలని, వచ్చే ముహర్రం నాటికి అక్షరాలు పట్టుబడాలని ఆమె గడువు పెట్టుకున్నారు. 'క' గుణింతం దగ్గర ఉన్నారు. 'కృ' రాయడం రావడం లేదు. సుద్దముక్క మా చేతికిచ్చి, "తొందరేం లేదు బాబూ, నువ్వు మెల్లగా రాసి చూపించు" అన్నారు.