పండగ నాడు పుస్తకం అమ్మవచ్చా?

అడగందే అమ్మయినా పెట్టదని సామెత. కానీ ఎప్పుడు అడగాలి, ఎలా అడగాలి అన్నది ఆ సామెత చెప్పదు. నేను ఈ వ్యాసంలో ఆలోచించాలనుకున్నది దాని గురించే.

మా బడిలో పదో తరగతి వాళ్ల ఫోటోలు, రాతలు, అయ్యవార్ల మాటలు అన్నీ చేర్చి ఒక ఇయర్ బుక్ వెయ్యాలనుకున్నాం. డిసెంబరులో హాఫ్ ఇయర్లీ సెలవులు మొదలైనప్పటి నుంచి సంక్రాంతి దాకా ఆర్డర్లు తీసుకోవాలని మాట వచ్చింది. క్రిస్మస్, కొత్త సంవత్సరం, సంక్రాంతి అన్నీ ఆ కొద్ది వారాల్లోనే వస్తాయి. పండగ చేసుకుంటున్న ఇంటికి వెళ్లి "మా పుస్తకం కొనండి" అనడం న్యాయమేనా?

ముందు ఆ కాలాన్నే ఎందుకు ఎంచుకున్నారో చెప్పాలి. సంక్రాంతి దాటితే పదో తరగతి వాళ్లకు రివిజన్, ఆ తర్వాత పబ్లిక్ పరీక్షలు. పరీక్ష రాశాక ఎవరి దారి వాళ్లది. బెంగళూరులో పనిచేసే అన్నలు, అక్కలు, పాత విద్యార్థులు ఊరికి వచ్చేది కూడా పండగకే. కాబట్టి ఈ కాలంలో అడగడం దురాశ కాదు, అవసరమే.

అచ్చు లెక్క కూడా కొంచెం తెలుసుకోవాలి. టైపు చెయ్యడం, పేజీలు కట్టడం, ప్లేట్లు తియ్యడం, వీటి ఖర్చు యాభై కాపీలకైనా రెండు వందల కాపీలకైనా ఒకటే. మాట వరసకు ఆ ఖర్చు 10,000 రూపాయలు అనుకుందాం. 50 మంది కొంటే ఒక్కొక్కరి మీద 200 రూపాయలు పడుతుంది. 200 మంది కొంటే 50 రూపాయలే. కాగితం ఖర్చు వేరే. అంటే కొనేవాళ్లు పెరిగితే అందరికీ ధర తగ్గుతుంది. అందుకే పుస్తకం గురించి నలుగురికీ చెప్పడం మంచి పనే.

ఇంకో కారణం మా ఊళ్లకు సంబంధించింది. పెద్దవాళ్లు మొరసునాడు అని పిలిచే ప్రాంతం మాది. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు హోసూరు, కృష్ణగిరి మదరాసు రాష్ట్రంలోనే ఉండిపోయాయి. 1965లో సేలం నుంచి ధర్మపురి జిల్లా విడిపోయింది. 2004లో ధర్మపురి నుంచి కృష్ణగిరి జిల్లా ఏర్పడింది. అందువల్ల మా ఇంట్లో తాత సర్టిఫికెట్‌లో సేలం జిల్లా అని, నాయన దాంట్లో ధర్మపురి అని, నా దాంట్లో కృష్ణగిరి అని ఉంటుంది. ముగ్గురం పుట్టింది ఒకే ఊళ్లో, మాట్లాడేది ఒకే తెలుగు.

భాష విషయంలో తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లు తమ బళ్లు తాము నడుపుకోవచ్చని రాజ్యాంగం 30వ అధికరణం చెబుతుంది. 2006లో తమిళనాడులో వచ్చిన చట్టం ప్రకారం తమిళం తప్పనిసరి పాఠం అయింది. తమిళం నేర్చుకోవడం మాకు మంచిదే, అంగడికి పోయినా, రేపు ఉద్యోగానికి పోయినా అది కావాలి. కానీ తెలుగు మీడియంలో చేరే పిల్లలు తగ్గుతున్నారని మా తరగతి బెంచీలు చూస్తేనే తెలుస్తుంది. ఇలాంటి చోట తెలుగులో అచ్చయ్యే పుస్తకం ఫోటోల ఆల్బం మాత్రమే కాదు. ఈ ఏడు ఈ బడిలో ఇంతమందిమి తెలుగులో చదువుకున్నాం అనడానికి అది సాక్ష్యం.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కారణం మంచిది కాబట్టి ఎలా అడిగినా పరవాలేదు అనిపిస్తుంది. పోస్టరు మీద ఏం రాయాలని మాట్లాడుకున్నప్పుడు మూడు సలహాలు వచ్చాయి. మొదటిది, "ముందుగా డబ్బు కట్టినవాళ్ల ఫోటో పెద్దగా వేస్తాం." రెండోది, "మన భాష మీద ప్రేమ ఉంటే కొనండి." మూడోది, "ఈ పుస్తకం లేకపోతే మీ బిడ్డ బడి రోజులు మాయమైపోతాయి." వినడానికి మూడూ బాగానే ఉన్నాయి. కానీ మొదటిది జ్ఞాపకానికి ధర కడుతుంది. రెండోది కొననివాళ్లకు భాష మీద ప్రేమ లేదంటుంది. మూడోది అబద్ధం. మా అవ్వ దగ్గర బడి పుస్తకం ఒక్కటీ లేదు, బడి రోజులు మాత్రం పూస గుచ్చినట్టు చెబుతుంది.

పండగ కాలంలో ఇలాంటి మాటలకు బలం ఇంకా ఎక్కువ. హోసూరు చుట్టూ గులాబీ తోటలు ఉన్నాయి. క్రిస్మస్‌కు, కొత్త సంవత్సరానికి, ఫిబ్రవరి 14కు పూలు దూరదేశాలకు పోతాయి. ఆ నెలల్లో తోటల్లో పని ఎక్కువ. చేతికి డబ్బు వస్తుంది కాబట్టి అప్పుడే అడగాలని కొందరు అంటారు. కానీ పండగ డబ్బులో ప్రతి రూపాయికీ ముందే ఒక పేరు ఉంటుంది. ఇది చెల్లి గౌనుకు, ఇది ఎడ్ల కొమ్ముల రంగుకు, ఇది అంగడి బాకీకి. చుట్టాలు కూర్చున్న ఇంట్లో బిడ్డ ఫోటో చూపించి "కొంటారా అమ్మా?" అంటే ఏ తల్లి కాదనగలదు? అక్కడ ఆమె "సరే" అన్నా, అది ఒప్పుకోవడం కాదు. కాదనే వీలు లేని చోట అవుననడానికి విలువ లేదు.

దీనికి ఎదురు వాదం ఉంది. "ఇంత మెత్తగా అడిగితే ఎవరూ కొనరు. అప్పుడు పుస్తకమే రాదు. పుస్తకం రాకపోతే పేదపిల్లలకూ నష్టమే కదా?" ఈ మాటలో నిజం ఉంది. మెత్తగా అడిగితే కొన్ని ఆర్డర్లు తగ్గవచ్చు. అప్పుడు రంగు పేజీలు తగ్గించి నలుపు తెలుపులో వెయ్యాలి, అట్ట మామూలుది పెట్టాలి. ఆ నష్టం ఒప్పుకోవచ్చు అంటాను నేను. మెరిసే అట్ట కోసం ఒక ఇంట్లో పండగ పూట గొడవ జరిగితే, ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా ఆ పిల్లకు గుర్తొచ్చేది ఆ గొడవే.

అడిగే తీరు ఎలా ఉండాలో మన ఆచారాల్లోనే ఉంది. సంక్రాంతి నెలలో ఆంధ్ర ఊళ్లలో హరిదాసు వస్తాడు. పాత్ర ఆయన తలమీద ఉంటుంది. పాడుకుంటూ వస్తాడు, బియ్యం వేస్తే వంగి తీసుకుంటాడు, ఎంత వేశారో చూడడు. డిసెంబరు 7న పతాక దినం కూడా అలాంటిదే. సైనికుల కుటుంబాల కోసం 1949 నుంచి జరుగుతోంది. చిన్న జెండా ఇచ్చి విరాళం తీసుకుంటారు. చొక్కాకు గుచ్చుకున్న జెండా చూస్తే ఎవరు ఎంత ఇచ్చారో తెలియదు. రెండు చోట్లా అడగడం ఉంది, ఇచ్చినవాళ్లను కొలవడం లేదు.

అందుకని నా ఆలోచన ఇది. డబ్బు కట్టినా కట్టకపోయినా ప్రతి విద్యార్థి ఫోటో ఒకే సైజులో ఉండాలి. సెలవులకు ముందే ఇంటికి మూసిన కవరులో ఉత్తరం పంపాలి, జవాబు కూడా మూసిన కవరులోనే సంక్రాంతి తర్వాత తీసుకోవాలి. పండగ రోజుల్లో ఎవరి ఇంటికీ ఆర్డరు కోసం పోకూడదు. విరాళం ఇచ్చినవాళ్ల పేర్లు వెయ్యవచ్చు, మొత్తం వెయ్యకూడదు. అంగళ్ల దగ్గర ప్రకటనలు అడగవచ్చు, ఎందుకంటే వ్యాపారికి లాభనష్టం లెక్క చూసుకోవడం, కాదనడం అలవాటే. గ్రంథాలయంలో రెండు కాపీలు ఎప్పటికీ ఉండాలి, కొనలేనివాళ్లు ఎప్పుడు వచ్చినా చూసుకునేలా.

జ్ఞాపకం అందరిదీ, కాగితానికి మాత్రమే ధర. ఈ రెంటినీ కలపకుండా ఉంటే పండగ కాలంలో అడగడంలో తప్పు లేదని నాకు అనిపిస్తోంది.

అమ్మానాన్నలకు నా మనవి. వీలుంటే కొనండి. వీలు కాకపోతే "ఈసారి వద్దు" అని రాసి పంపండి, కారణం రాయనక్కరలేదు. రెండు జవాబులకూ మా నమస్కారం ఒకటే.