తీరిక యెవరిది?

జర్మనీలో నెక్కర్ నది యొడ్డున నున్న ట్యూబింగెన్ పట్టణమునకు చదువుకొరకు వెళ్లి, ఒక కుటుంబముతో కలిసి నివసించు తెలుగు విద్యార్థికి ఆశ్చర్యము గొలుపునది ఆ దేశపు వేగము కాదు, నిదానము. పని చాలించిన సాయంకాలమునకు అక్కడ ‘ఫైయరాబెంట్’ అని పేరు. మాటకు మాటగా తెనిగించినచో అది ‘పండుగ సాయంత్రము’ అగును. అయినను ప్రతిదినము వచ్చు పండుగకు తెలుగులో పేరు లేదు. రాత్రి పొయ్యి వెలిగింపరు. రొట్టె, వెన్న, జున్ను బల్లమీద నుంచుకొని ఇంటిల్లిపాదియు కూర్చుందురు. అన్నము లేని రాత్రి మొదటి వారము శిక్షవలె తోచును. ఆదివారము అంగళ్లు మూయబడియుండును. మధ్యాహ్నము కాఫీ, కేకు, ఆపైన అడవిదారిని నడక.

ఇది శీతలదేశస్థుల స్వభావమని తలంచుట పొరపాటు. ఆదివారపు విశ్రాంతికి చట్టరక్షణ కలదని 1919 నాటి వైమార్ రాజ్యాంగపు 139వ అధికరణము పలికెను. 1949 నాటి రాజ్యాంగము దానిని తనలో చేర్చుకొనెను. ఆగమనకాలపు నాలుగు ఆదివారములును అంగళ్లు తెరచుటకు బెర్లిన్ అనుమతింపగా, సంఘములు న్యాయస్థానమున కెక్కెను. 2009 డిసెంబరు 1న రాజ్యాంగ న్యాయస్థానము సంఘముల పక్షమున తీర్పు చెప్పెను.

అయితే ఆ తీరికను అనుభవించువాని మనస్సాక్షికి వేరొక ప్రశ్న ఎదురగును. ఆ యింట తల్లియు బల్లయొద్ద కూర్చుండును, వండవలసినది లేదు గనుక. గిన్నెలు తుడుచుట విద్యార్థి వంతు. ఆ సీమలో మెట్లు ఊడ్చు వారము వంతులవారీగా వచ్చును. దానిని ‘కేర్‌వోఖె’ అందురు. స్వదేశమున చీపురు పట్టి యెరుగని చేయి అక్కడ చీపురు పట్టును. అప్పుడు గదా అతనికి తోచును: ఇంటివద్ద తన తీరిక యెక్కడనుండి వచ్చినది? పరీక్షల రాత్రులలో టీ కాచినదెవరు? ఆదివారము అంట్లు తోమినదెవరు? ఆరాధనకు ఆలస్యము కారాదని పనిమనిషిని ఆనాడు మరింత పెందలకడ రమ్మను క్రైస్తవ గృహములు లేకపోలేదు.

నిర్గమకాండము విశ్రాంతిదినమునకు సృష్టిని కారణముగా జూపును. ద్వితీయోపదేశకాండము ఐగుప్తు దాస్యమును జ్ఞాపకము చేయును. ఇంటి దాసదాసీలును యజమానునితో సమానముగా విశ్రమించుట అక్కడ ఆజ్ఞయొక్క ఉద్దేశమే గాని అనుబంధము కాదు.

జర్మనీలోను ఆదివారము రైళ్లు నడచును, ఆసుపత్రులలో నర్సులు మేలుకొనియుందురు. 1994 నాటి పనివేళల చట్టము సాధారణముగా వారికి రెండు వారములలో మారు విశ్రాంతిదినమును, ఏటికి కనీసము 15 ఆదివారములను విడిచిపెట్టవలెనని విధించినది. కాని బల్లమీది కాఫీ గింజ ఆ దేశమున పండదు. దానిని కోసిన చేతులకు ఆ చట్టము అందదు.

అందుచేత విద్యార్థి ఆ కాఫీని దిగులుతో త్రాగవలెనా? అక్కరలేదు. దిగులుతో కూడిన విశ్రాంతి విశ్రాంతియే కాదు, దానివలన ఏ కూలివానికిని ఒక గడియ తీరిక దొరకదు. కష్టమైన పని వేరొకటి కలదు. సెలవులకు వచ్చిన కుమారుడు ఆదివారము అంట్లయొద్ద కూర్చున్నచో తల్లి యొప్పుకొనదు; పనిమనిషియు సంతోషింపదు, తన జీతము కోతపడునేమోనని భయపడును. కోతపడదని ఆమెకు శనివారమే, తల్లి నోటనే, చెప్పింపవలసియుండును.